టండ్రా మొక్కలు – ఇన్యూయిట్ల జీవితం

టండ్రా అనగానే మనలో చాలామందికి హైస్కూలు భూగోళం పుస్తకంలోని పాఠమే గుర్తుకొస్తుంది. అక్కడ చెట్లుండవు, నాచులూ లైకెన్లూ మాత్రమే పెరుగుతాయి, అక్కడి ఎస్కిమోలు మంచుతో ఇగ్లూలు కట్టుకుంటారు, మాంసం తింటారు, తోళ్ళు తొడుక్కుంటారు – ఈ నాలుగు ముక్కలూ రాస్తే మార్కులు పడేవి. తరువాత కాలేజీలో వృక్షశాస్త్రం తీసుకున్నవాళ్ళకు కూడా టండ్రా ఒకటి రెండు పేరాలతో సరి. అందుచేత ఆ ప్రజల జీవితంలో మొక్కలకు చోటే లేదని మనం ఖాయం చేసేసుకుంటాం.

కాని ఒక్క ప్రశ్న వేసుకుంటే ఈ అభిప్రాయం నిలవదు. ఆ మంచు ఇంట్లో వాళ్ళు దీపం వెలిగించేవారు. ఆ దీపం సెగకే మంచు కరిగించి నీళ్ళు తాగేవారు. ప్రమిద రాతిది, నూనె సీలు కొవ్వుది. మరి వత్తి ఎక్కడిది? సీలు శరీరంలో వత్తి దొరకదు గదా! అది నేలమీద మొలిచిన మొక్కనుంచే రావాలి. ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఈ వత్తి చుట్టూనే తిరుగుతుంది. ఒక జాతి జీవితంలో మొక్కల ప్రాముఖ్యాన్ని అవి ఎన్ని బస్తాలు పండుతాయన్న లెక్కతో మాత్రమే కొలవకూడదు.

ముందుగా పేరు సంగతి. ఎస్కిమో అనేది ఇతరులు పెట్టిన పేరు. కెనడాలోనూ గ్రీన్‌లాండులోనూ చాలామంది దాన్ని కించపరిచే మాటగా భావిస్తారు. వాళ్ళ భాషలో ఇన్యూక్ అంటే మనిషి, ఇన్యూయిట్ అంటే మనుషులు. 1977లో అలాస్కాలోని బారో పట్టణంలో వివిధ దేశాల ఇన్యూయిట్లు సమావేశమై ఈ పేరునే తమ అందరికీ వాడాలని తీర్మానించుకున్నారు. గ్రీన్‌లాండు, ఉత్తర కెనడా, అలాస్కా, రష్యా తూర్పు కొన – ఈ ప్రాంతాలలో వాళ్ళూ వాళ్ళ దగ్గరి బంధుజాతులూ కలిసి సుమారు 1,80,000 మంది వుంటారు. అందరూ ఇగ్లూలలో వుండేవారనడం కూడా సరికాదు. గ్రీన్‌లాండులోనూ అలాస్కాలోనూ శీతాకాలపు ఇళ్ళు చాలావరకు రాతితో, తిమింగలం ఎముకలతో, గడ్డి వేళ్ళు అల్లుకున్న మట్టి పెళ్ళలతో కట్టినవి. ఆ పెళ్ళలను కలిపి పట్టి వుంచేది వేళ్ళే కనుక ఇంటి గోడలో కూడా మొక్క వున్నట్టే లెక్క.

ఇక ఆ నేల. అక్కడ చెట్టు ఎందుకు పెరగదు? చలి ఎక్కువ కనుక అని ఠకీమని జవాబు చెప్పేస్తాం. కాని శీతాకాలంలో టండ్రాకన్న ఘోరమైన చలి పడే తూర్పు సైబీరియాలో లార్చ్ అడవులు మైళ్ళ తరబడి వున్నాయి. అసలు లోటు వేసవిది. ఏడాదిలో అన్నిటికన్న వెచ్చని నెల సగటు ఉష్ణోగ్రత దాదాపు 10 డిగ్రీల సెంటిగ్రేడు అయినా లేనిచోట చెట్టు తన కాండాన్ని కట్టుకోలేదు. దీనికితోడు నేల లోపల శాశ్వతంగా గడ్డకట్టిన పొర వుంటుంది. వేసవిలో పైభాగం మాత్రం, చోటునుబట్టి జానెడునుంచి గజం లోతు దాకా కరుగుతుంది. వేరు అంతకు మించి దిగలేదు. చాలాచోట్ల ఏడాదికి పడే వానా మంచూ కలిపి 150 నుంచి 250 మిల్లీమీటర్లు, అనంతపురం వానలో సగం కూడా కాదు. అయినా వేసవిలో ఆ నేల చిత్తడిగా వుంటుంది; కారణం, కింద గడ్డకట్టిన పొర నీటిని ఇంకనివ్వదు. ఎడారిలాంటి వాన, మాగాణిలాంటి నేల! ఈ విడ్డూరంలోనే అక్కడి మొక్కలు బతకాలి.

బతుకుతున్నాయి కూడా. ఆర్కిటిక్ ప్రాంతం మొత్తంమీద దాదాపు 2,200 రకాల నాళికాయుత మొక్కలున్నాయి. దాదాపు అన్నీ బహువార్షికాలే. విత్తనం మొలిచి, పూసి, మళ్ళీ విత్తనం కట్టేందుకు రెండు నెలల వేసవి చాలదు. కోనిజియా వంటి ఒకటి రెండు ఏకవార్షికాలు తప్ప ఆ పందెం కాసిన మొక్కలు లేవు. మిగతావి నేలను కరచుకుని వుంటాయి. గాలి మనిషి నడుమెత్తున ఎంత చల్లగా వున్నా, ఎండ తగిలిన నేలకు బెత్తెడు ఎత్తులో చాలా డిగ్రీలు వెచ్చగా వుంటుంది. ఆర్కిటిక్ విల్లో అనే చెట్టును – చెట్టనే అనాలి, కాండం కర్రే గనుక – మనం చూసుకోకుండా తొక్కుకుంటూ పోవచ్చు. అంత పొట్టిది రెండువందల ఏళ్ళు దాటి బతికిన సందర్భాలున్నాయి. ఆర్కిటిక్ గసగసాల పువ్వు రోజంతా సూర్యుడివైపు తిరుగుతూ, తన గిన్నెలో వేడిని కూడబెట్టి, దోమలకూ ఈగలకూ వెచ్చని మజిలీ అవుతుంది.

ఆక్సీరియా డైగైనా అనే పుల్లకూర గురించి మన వృక్షశాస్త్ర విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. మూనీ, బిల్లింగ్స్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ఆర్కిటిక్‌నుంచీ, దక్షిణాన వున్న ఎత్తయిన పర్వతాలనుంచీ ఈ ఒకే జాతి మొక్కలను తెచ్చి, ఒకే రకమైన పరిస్థితులలో పెంచి 1961లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తరాది మొక్కలలో పత్రహరితం ఎక్కువ, తక్కువ ఉష్ణోగ్రతలోనే కిరణజన్య సంయోగక్రియ జోరందుకుంటుంది, పువ్వులు తక్కువ, భూగర్భ కాండాలు ఎక్కువ. అంటే పైన ఆడంబరం తగ్గించి కింద కూడబెట్టుకునే స్వభావం. టండ్రా మొక్కలలో ఇది సామాన్య లక్షణం. వేసవిలో చేసుకున్న పిండిపదార్థాన్ని వేళ్ళలో, దుంపలలో దాచుకుని, మరుసటి ఏడు మంచు కరగగానే ఆ నిల్వతోనే చిగురు వేస్తాయి. మొక్క తనకోసం దాచుకున్న ఆ మూటే మనిషికి తిండి అయిందని ముందు చూస్తాం.

ఇప్పుడు దీపం దగ్గరకు వద్దాం. దాని పేరు కుల్లిక్. అర్ధచంద్రాకారంలో, లోతు తక్కువగా చెక్కిన రాతి ప్రమిద. రాయి మనకు తెలిసినదే – పలకలమీద రాసుకున్న తెల్ల బలపం రాయి. మెత్తగా చెక్కుడు పడుతుంది, వేడికి పగలదు, ఒకసారి వేడెక్కితే చాలాసేపు ఆ వేడిని నిలుపుతుంది. మన ప్రమిదలో వత్తి ఒకటో రెండో. కుల్లిక్‌లో మాత్రం తిన్నని అంచు పొడుగునా వత్తిని దట్టంగా పరుస్తారు. వెలిగిస్తే ఒకే వరుసగా మంట నిలుస్తుంది. అది వెలుతురుకోసం మాత్రమే కాదు, పొయ్యీ కుంపటీ దండెం అన్నీ అదే.

వత్తికి కావలసిన సామగ్రి రెండు రకాలు. ఒకటి దూది. ఆర్కిటిక్ ప్రత్తి అని పిలిచే ఎరియోఫోరం చిత్తడి నేలల్లో పెరుగుతుంది, వేసవి చివర తెల్లని దూది బుడిపెలతో నేలంతా కప్పేస్తుంది. పేరుకు ప్రత్తేగాని మన ప్రత్తికి ఏ బంధుత్వమూ లేదు. అది తుంగ కుటుంబానికి చెందినది. అదే పనికి విల్లో కాయలు పగిలినప్పుడు వచ్చే దూదిని కూడా వాడతారు. రెండవది ఎండిన నాచు. నాచును నలిపి పొడిచేసి దూదితో కలుపుతారు. ఉత్త దూది అయితే భగ్గున మండిపోతుంది. నాచు కలిస్తే నూనెను పీల్చుకుంటూ నిదానంగా మండుతుంది. భౌతికశాస్త్రంలో కేశనాళికీయత అని మనం గాజు గొట్టాలతో చేసే ప్రయోగమే ఇది. గడ్డకట్టిన సీలు కొవ్వును బాగా మోది మెత్తబరచి ప్రమిదలో వేస్తే మంట వేడికి అది కరిగి నూనె అవుతుంది, ఆ నూనె వత్తిలోకి ఎక్కుతుంది. వత్తి ఎత్తయితే పొగ, పల్చనయితే ఆరిపోవడం. కనుక ఒక చిన్న పుల్లతోనో రాతి ముక్కతోనో దాన్ని సర్దుతూనే వుండాలి. ఇది ఆడవాళ్ళ విద్య. దీపం ఆ ఇంటి ఇల్లాలి సొత్తు. పొగ లేకుండా, సమంగా మంట నిలపడం చేతనైన ఇల్లాలికి మంచి పేరు.

ఈ దీపం ఆరితే ఏమవుతుందో ఆలోచించండి. చుట్టూ మంచు వున్నా తాగడానికి నీరు లేదు. మంచునే నేరుగా తింటే అది కరగడానికి ఒంట్లోని వేడి ఖర్చవుతుంది. వేటగాడి బూట్లూ చేతి తొడుగులూ చెమటతో తడుస్తాయి. దీపంపైన వేలాడగట్టిన తడికమీద అవి రాత్రికి రాత్రి ఆరాలి. ఆరకపోతే మర్నాడు ఆ తడితో బయటకు పోయిన మనిషి కాలి వేళ్ళు గడ్డకట్టి పోతాయి. వేట లేదు, వేట లేకపోతే కొవ్వు లేదు. ఇదంతా ఆగస్టు నెలలో ఆడవాళ్ళూ పిల్లలూ చిత్తడి నేలల్లో తిరిగి ఏరి, ఎండబెట్టి, సంచులలో కట్టి వుంచుకున్న దూదిమీద ఆధారపడి వుంది. ఆగస్టులో ఏరకపోతే జనవరిలో నీళ్ళుండవు. ఇంత బరువైన బాధ్యత గుప్పెడు దూదిమీద వుందని మన భూగోళం పుస్తకం ఒక్క వాక్యమైనా రాయలేదు.

హడ్సన్ అఖాతానికి పడమటి లోతట్టు ప్రాంతంలో కారిబూ జింకల మందలను నమ్ముకుని బతికిన ఇన్యూయిట్లకు సీలు కొవ్వు సరిగా దొరికేది కాదు. వాళ్ళకు వంటచెరకు కాసియోపి టెట్రాగోనా అనే తెల్లపూల హెదర్, విల్లో పుల్లలు, ఎండు నాచు. ఈ హెదర్ చూడడానికి పొలుసులు కప్పిన తాడు ముక్కల్లా వుంటుంది. ఇందులోని జిగురు పదార్థంవల్ల పచ్చిగా, తడిగా వున్నా అంటుకుంటుంది. వేసవిలో ఇతర ఇన్యూయిట్లు కూడా దీన్నే పొయ్యిలో వాడేవారు, నూనె శీతాకాలానికి మిగులుతుంది గదా. పడకకూ ఇదే. మంచు అరుగుమీద హెదర్, విల్లో కొమ్మలు పరచి వాటిమీద కారిబూ తోళ్ళు వేస్తారు. మధ్యలో గాలి నిలవడంచేత కింది మంచు కరగదు, పైమనిషికి చలి ఎక్కదు. నాచు పసిపిల్లల కింద గుడ్డగా పనికొచ్చేది. పొడుగు గడ్డి దొరికే అలాస్కా, లాబ్రడార్ తీరాలలో దానితో బుట్టలు అల్లేవారు, బూట్లలో గడ్డి దట్టించేవారు.

తిండి విషయానికి వస్తే అతిశయోక్తి కూడదు. చాలా ప్రాంతాలలో ఇన్యూయిట్ల ఆహారంలో మొక్కల వాటా కొద్దిపాటిదే. సీలు, కారిబూ, చేప, తిమింగలమే అసలు భోజనం. అలాగని ఆ కొద్దిపాటిని కొట్టిపారెయ్యకూడదు. పైన చెప్పిన ఆక్సీరియా ఆకు పుల్లగా వుంటుంది. అది మన చుక్కకూరకు దగ్గరి చుట్టం, రెండూ పాలిగోనేసి కుటుంబమే, రెండింటి పులుపూ ఆక్సాలిక్ ఆమ్లందే. హిమాలయాల పైయెత్తులలో కూడా ఇది పెరుగుతుంది. విల్లో లేత చిగుళ్ళు తింటారు, వాటిలో సి విటమిను పుష్కలం. ఎర్రని పూలు పూసే చిన్న ఫైర్‌వీడ్ ఆకును సీలు కొవ్వుతో నంజుకుంటారు. ఈ పువ్వు గ్రీన్‌లాండుకు జాతీయ పుష్పం, దాని పేరుకు అక్కడి భాషలో పడుచుపిల్ల అని అర్థం.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పండ్లు. నల్లని క్రోబెర్రీ, నీలి బ్లూబెర్రీ, పసుపు నారింజ రంగు క్లౌడ్‌బెర్రీ. అలాస్కా ఇన్యూయిట్లు కారిబూ కొవ్వును సీలు నూనెతో కలిపి నురుగు వచ్చేలా గిలక్కొట్టి అందులో ఈ పండ్లు వేస్తారు. తెల్లవాళ్ళు దాన్ని ఎస్కిమో ఐస్‌క్రీం అన్నారు. పండ్లనూ ఆకులనూ సీలు తోలు సంచిలో నూనె పోసి నిలవ వుంచడం మన ఊరగాయ సూత్రమే – గాలి తగలకపోతే పాడవదు.

దుంపలలో ముఖ్యమైనది అలాస్కాలో మాసు అనేది. చిక్కుడు కుటుంబపు మొక్క, వేరు తియ్యగా వుంటుంది. వేళ్ళలో పిండి చేరే రోజుల్లో, అంటే పొద్దు తగ్గాకగానీ, వసంతంలో చిగురు రాకముందుగానీ తవ్వుతారు. దీన్నే పోలిన ఇంకో మొక్క పక్కనే వుంటుంది, దాన్ని విషమని ముట్టరు. తేడా ఎక్కడ? ఆకు వెనుక ఈనెలు స్పష్టంగా కనబడితే తినదగినది, కనబడకపోతే కాదు. చదువుకున్న వృక్షశాస్త్రవేత్త కూడా ఈ రెండింటినీ ఈనెలతోనే గుర్తు పడతాడు. ప్రయోగశాల లేని అమ్మమ్మలు అదే లక్షణాన్ని పట్టుకున్నారంటే ఆ పరిశీలనను ఏమనాలి?

ఇన్యూయిట్లకు బంధువులైన నైరుతి అలాస్కా యూపిక్ జాతిలో ఇంకొక పద్ధతి వుంది. టండ్రా ఎలుకలు శీతాకాలంకోసం ఎరియోఫోరం కాండాల తియ్యని అడుగు భాగాలను నేలలో కుప్పలుగా దాచుకుంటాయి. యూపిక్ స్త్రీలు కాలితో నేలను తడిమి, మెత్తగా తగిలిన చోట ఆ ఖజానా తెరచి కొంత తీసుకుంటారు. అంతా తీసుకోరు. తీసుకున్నదానికి బదులు ఎండుచేప వంటిది ఏదో ఒకటి అక్కడ పెట్టి మూసేస్తారు. దొంగతనమా, బేరమా అని మనం వాదించుకోవచ్చుగాని, మరుసటి ఏడాదికి ఎలుక బతికి వుండాలన్న తెలివిడి మాత్రం అందులో వుంది.

లైకెన్ సంగతి వేరు. అది మొక్క కూడా కాదు, శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసుకున్న కాపురం. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. మనిషి దాన్ని అరిగించుకోలేడు. కారిబూ అరిగించుకోగలదు, శీతాకాలంలో దానికి ముఖ్యాహారం అదే, మంచును గిట్టలతో తవ్వుకుని మరీ తింటుంది. కారిబూను కొట్టినప్పుడు దాని పొట్టలో సగం అరిగి పులిసిన లైకెన్లనూ ఆకులనూ ఇన్యూయిట్లు తినేవారు. వినగానే ముఖం చిట్లిస్తాం. కాని పిండిని పులియబెట్టి తినే మనకు ఈ తర్కం అర్థం కాకూడనిదేమీ కాదు. వాళ్ళ పులియబెట్టే కుండ కారిబూ పొట్ట.

మరి పండ్లూ కూరలూ అంత తక్కువగా తింటే స్కర్వీ ఎందుకు రాలేదు? ఐరోపా నావికులు నిమ్మరసం సీసాలు మోసుకుపోయి కూడా ఆ జబ్బుతో పళ్ళూడి చచ్చారు. కొందరు రచయితలు ఇన్యూయిట్లను కాపాడింది ఆకుకూరలే అంటారు. అది సగమే నిజం. 1979లో జెరాసీ, స్మిత్ అనే పరిశోధకులు చూపించినట్టు, పచ్చిగా తినే తిమింగలం చర్మంలో సి విటమిను బాగా వుంది. పచ్చి కాలేయంలోనూ వుంది. వండితే ఆ విటమిను చాలావరకు పోతుంది. వాళ్ళు వండకుండా తిన్నారు, నావికులు ఉప్పులో వూరిన మాంసం వండి తిన్నారు. ఆకులూ పండ్లూ వేసవిలో దీనికి తోడయ్యాయి. కనుక మొక్కల గొప్పతనం నిలబెట్టడానికి లేనిపోని వాదన అక్కరలేదు, వత్తి ఒక్కటే చాలు.

వైద్యంలో కూడా మొక్కలున్నాయి. లాబ్రడార్ టీ ఆకు కషాయం జలుబుకు తాగుతారు, ఎండిన పఫ్‌బాల్ పుట్టగొడుగును గాయంమీద అద్ది రక్తం ఆపుతారు. అన్నిటినీ ఆధునిక పరీక్షలు తేల్చలేదు కనుక ఇంతటితో వదిలేద్దాం.

లైకెన్‌కు వేరు లేదు, కావలసినది గాలినుంచి, వాననుంచి తీసుకుంటుంది. ఈ స్వభావమే 1950, 60 దశాబ్దాలలో ఇన్యూయిట్ల ఒంటిమీదకు వచ్చింది. అగ్రరాజ్యాలు ఆకాశంలో పేల్చిన అణుబాంబుల సీసియం–137 ధూళి లైకెన్లమీద పడి అక్కడే నిలిచిపోయింది. దాన్ని కారిబూ తిన్నది, కారిబూను మనిషి తిన్నాడు. మెట్టుమెట్టుకూ గాఢత పెరిగింది. అలాస్కాలోని అనక్‌తువుక్ పాస్ అనే చిన్న ఊరి ఇన్యూయిట్ల శరీరాలలో 1960ల నడుమ, బాంబులు చేసిన దేశాల నగరవాసుల శరీరాలలో కన్న ఎన్నో రెట్లు ఎక్కువ సీసియం కనిపించింది. ఆహారపు గొలుసు అనే పాఠానికి ఇంతకన్న చేదు ఉదాహరణ లేదు. 1963 ఒప్పందంతో ముఖ్యమైన దేశాలు ఆకాశంలో పరీక్షలు మానుకున్నాక ఆ మోతాదు క్రమంగా తగ్గింది.

ఇప్పటి బెడద వేరు. 1979 తరువాత ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచపు సగటుకన్న దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో వెలువడిన ఒక పరిశోధన లెక్క కట్టింది. చలి తగ్గితే మొక్కలకు మంచిదేగదా అనిపిస్తుంది. విల్లో, బర్చ్ పొదలకు మంచిదే. అవి చాలాచోట్ల ఎత్తు పెరిగి విస్తరిస్తున్నాయి. కాని వాటి నీడలో లైకెన్ తగ్గిపోతోంది, నేలబారు పండ్ల తుప్పలు కాపు తగ్గుతున్నాయి. శీతాకాలంలో మంచుమీద వాన పడి గడ్డకడితే కారిబూ గిట్టకు లైకెన్ అందదు. క్వెబెక్, లాబ్రడార్ ప్రాంతపు జార్జి నది మందలో 1990ల మొదట ఏడెనిమిది లక్షల కారిబూలుండేవి. 2018లో లెక్కకు వచ్చినవి 5,500. దీనికి కారణం వాతావరణం ఒక్కటే అని చెప్పలేం, మందలు సహజంగా కూడా పెరిగి తరుగుతాయి. అయినా 2013నుంచి లాబ్రడార్‌లో ఆ మందను వేటాడరాదని నిషేధం వచ్చింది. తరతరాలుగా దాన్ని తిని బతికినవాళ్ళు ఆ మాంసం రుచి తమ పిల్లలకు ఎలా చెప్పాలి?

మొక్కల విద్యకు ఇంకో దెబ్బ ముందే తగిలింది. 1950, 60లలో కెనడా ఇన్యూయిట్ కుటుంబాలు గుడారాల జీవితం వదిలి ప్రభుత్వం ఏర్పరచిన స్థిర గ్రామాలకు చేరాయి. చాలామంది పిల్లలను వాళ్ళ భాష మాట్లాడనివ్వని వసతి బడులకు పంపారు. ఏరేవాళ్ళ వెంట తిరిగి నేర్చుకోవలసిన చదువు తరగతి గదిలో రాదు. ఆకు వెనుక ఈనెను చూపించే అమ్మమ్మ ఒకచోట, చూడవలసిన మనుమరాలు ఇంకోచోట. ఆ తెగిన దారాన్ని మళ్ళీ ముడివేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆలాసీ జోమీ అనే ఇన్యూయిట్ పెద్దావిడకు తెలిసిన మొక్కల విషయాలతో 2009లో ‘వాకింగ్ విత్ ఆలాసీ’ అనే పుస్తకం వచ్చింది.

కెనడాలో 1999 ఏప్రిల్ 1న ఇన్యూయిట్లు అధిక సంఖ్యాకులుగా వుండే నునావుట్ అనే ప్రత్యేక ప్రాంతం ఏర్పడింది. దాని రాజముద్రలో కుల్లిక్ వుంది. ఇప్పుడు అక్కడ ఇళ్ళకు కరెంటూ నూనె హీటర్లూ వున్నాయి. అయినా సభలు ప్రారంభించేటప్పుడు ఒక పెద్దావిడ కుల్లిక్ వెలిగిస్తుంది. సీలు నూనె అందనిచోట అంగట్లో కొన్న వంటనూనె పోస్తారు. వత్తికి మాత్రం టండ్రాలో ఏరి తెచ్చిన ఆ దూదినీ నాచునూ వాడేవాళ్ళు ఇప్పటికీ వున్నారు.